ఒకే కంప్యూటర్లో వేరు కుంపట్లు

యనమండ్ర అనంతపద్మనాభం సిద్ధాంతిగారి ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే గానీ కీబోర్డులు మాత్రం రెండు. ఒకటి మడిది, రెండోది మైలది. మడి కీబోర్డు పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గదిలో పెట్టి ఉండేది. తెల్లవారుజామునే సిద్ధాంతిగారు స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని వచ్చేసరికి, పెద్దకోడలు సుందరి కంప్యూటర్ ఆపేసి, మైల కీబోర్డు వైరు ఊడదీసి, గది బయటికి తప్పుకోవాలి. ఆయన తన చేత్తో మడి కీబోర్డు తగిలించుకుని, మీట నొక్కి, తెర వెలిగేదాకా ఏదో స్తోత్రం గొణుక్కుంటూ కూర్చునేవారు. కంప్యూటర్ పెట్టె ఇనుముది కాబట్టి దానికి దోషం లేదని, మౌసు తాను ముట్టుకోరు కాబట్టి దాని గొడవే లేదని తీర్పు కూడా ఆయనే చెప్పుకున్నారు. కీబోర్డూ ప్లాస్టిక్కే కదండీ, పట్టుగుడ్డలో చుట్టినంత మాత్రాన మడెలా అవుతుందండీ అని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో కొన్ని ప్రశ్నలు నోటిదాకా వచ్చి ఆగిపోతాయి.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, తిరువూరు చుట్టుపక్కల పెళ్ళి ముహూర్తం దగ్గర్నుంచి పొలంలో బోరు వేయించే రోజు దాకా ఆయన పంచాంగం చూసే పెట్టుకునేవారు. విస్సన్నపేట మామిడి వ్యాపారులు తోట బేరం కుదుర్చుకోవాలన్నా ముందు అందులో వర్జ్యం ఎప్పుడో చూసేవారు. వెనకటికి ఆ లెక్కలన్నీ ఆయన పలక మీద చేసేవారు. చిన్నకొడుకు గురుచరణ్ ఇంజినీరింగ్ చదివే రోజుల్లో తండ్రి నడుంనొప్పి చూడలేక ఆ లెక్కలు చేసే ప్రోగ్రాము ఒకటి రాసిపెట్టాడు. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో, నక్షత్రం ఎన్ని ఘడియలుంటుందో అదే చెప్పేది. ఆయన పక్కన కూర్చుని, అది చెప్పినవాటిలో అక్కడక్కడా కొన్ని మళ్ళీ వేళ్ళ మీద లెక్కవేసుకుని, తప్పు దొరకనందుకు కొంచెం నిరాశపడి, మెచ్చుకునేవారు.

చరణ్ కాలేజీలో నేర్చుకున్నది యూనిక్స్ మిషన్ల మీద. ఇంట్లో ఉన్నది మామూలు విండోస్ కంప్యూటర్. దానికి యూనిక్స్ భాష రాదు. అందుకని మధ్యలో దుబాసీలా పనిచేసే సామాను ఒకటి ఎక్కించాడు. ఆ సామానంతటికీ గుండెకాయ ఒకే ఒక్క ఫైలు, డీఎల్ఎల్ అంటారు. అది లేకపోతే మిగతావేవీ లేవవు. చరణ్ దాన్ని తీసుకెళ్ళి విండోస్ తన సొంత సరుకు దాచుకునే ఉమ్మడి ఫోల్డర్లో పడేసి, పని జరుగుతోంది కదా అని బెంగుళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు కట్టిన ఇళ్ళు అలాగే ఉంటాయి, తలుపు ఎక్కడ పెట్టారో వాళ్ళకే గుర్తుండదు.

సుందరి అసలు పేరు బాలాత్రిపురసుందరి. చిర్రావూరి వారి పిల్ల. పెళ్ళికి ముందు దూరవిద్యలో ఎంసీఏ కట్టింది. పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే అన్నారు. చదువుకోవద్దని ఎవరూ అనలేదు, ఆ మాట నిజమే. కానీ ఒక ఏడు ఆడపడుచు పురుడు వచ్చింది, ఒక ఏడు అత్తగారు మంచాన పడి కాలం చేశారు, ఒక ఏడు ఇల్లు బాగుచేయించారు. అలా పరీక్షలన్నీ ఒక్కొక్కటే గట్టెక్కించుకుంటూ వచ్చి, ఆఖరికి ప్రాజెక్టు ఒక్కటి మిగిలింది. అది రెండువేల ఐదో సంవత్సరం. ఈసారి కార్తీక పౌర్ణమి వెళ్ళిన వారంలోనే వైవా. అది దాటితే పాత సిలబస్ మూసేస్తామని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. అంటే ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదు.

ఆమె ప్రాజెక్టు వానల మీద. జిల్లాలోని మెట్ట మండలాల్లో కొన్నేళ్ళుగా పడిన వానల కొలతలు తీసుకుని, వాటిలో ఏదైనా వరస ఉందేమో వెతికే ప్రోగ్రాము నడపాలి. ప్రోగ్రాముకి మూలం ఆమె ప్రాజెక్టు గైడు ఇచ్చినది, అదీ యూనిక్స్‌దే. కాబట్టి సుందరి కూడా అదే కంప్యూటర్లో యూనిక్స్ సామాను ఎక్కించుకుంది. చరణ్ పెట్టిన దానికంటే కొత్తది, తన ఫోల్డర్లో తనది. మామగారి పంచాంగం కార్తెల్లో పడబోయే వానలు చెబుతుంది, కోడలి ప్రోగ్రాము పడిపోయిన వానలు లెక్కపెడుతుంది అని ఆమె భర్త శరత్‌చంద్ర తన స్కూల్లో తోటి టీచర్లకు చెప్పి నవ్వించేవాడు. మంచివాడే. నవ్వుతో సరిపెట్టగలిగిన చోట మరో పని పెట్టుకోడు.

చాలాకాలం రెండు సామాన్లూ ఒకే పెట్టెలో ఉన్నా పేచీ రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు ఎవరికీ తెలియదు. వచ్చాకే తెలిసింది.

వచ్చింది శరత్‌చంద్ర కాఫీ గ్లాసు వల్ల. మైల కీబోర్డు మీద కాఫీ ఒలికింది. పాపం తనే బెజవాడ వెళ్ళి కొత్త రకం కీబోర్డు పట్టుకొచ్చాడు. దాని వైరు వేరే కన్నంలో పెట్టుకోవాలి. అంటే మడి కీబోర్డు దాని పాత కన్నంలో దానికే ఉండిపోవచ్చు, రెండూ ఒకేసారి తగిలించి ఉంచుకోవచ్చు, వైరు మార్చడానికని రోజూ కంప్యూటర్ ఆపక్కర్లేదు. సిద్ధాంతిగారికి ఇది బాగా నచ్చింది. మడి కీబోర్డుకి బల్ల మీద వేరే చెక్క వేయించి, పట్టుగుడ్డ కప్పి ఉంచారు. సుందరికి ఇంకా నచ్చింది. ఆమె ప్రోగ్రాము మొత్తం వానలన్నీ చూసి తేల్చాలంటే పగలూ రాత్రీ ఆగకుండా మూడు నాలుగు రోజులు నడవాలి. మధ్యలో ఆపితే ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు, మళ్ళీ మొదటికే. ఇన్నాళ్ళూ తెల్లారగానే ఆపెయ్యాల్సి రావడంతో ఆమె చిన్న చిన్న ముక్కలతోనే సరిపెట్టుకుంది. ఇప్పుడు నాగులచవితి నాడు పూజ అవగానే పెద్ద లెక్క మొదలుపెట్టి, అది కనిపించే కిటికీని తెర కిందికి దించి, హాయిగా వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు తెల్లవారుజామున సిద్ధాంతిగారు కంప్యూటర్ ఆపకుండానే కూర్చున్నారు. పంచాంగం ప్రోగ్రాముని పిలిచారు. అది లేవబోయి, కూలబడి, ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన మళ్ళీ పిలిచారు. ఈసారి కింద నడుస్తున్న సుందరి లెక్క కూడా దాంతోపాటే పోయింది. శరత్‌చంద్ర వచ్చి ఆ మాటలు చదివాడు. ఈ కంప్యూటర్లో ఒకే రకం డీఎల్ఎల్ కాపీలు రెండు కనబడుతున్నాయి, కొత్తది ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యండి అని దాని సారాంశం. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే పంచాంగం బుద్ధిగా లేచింది. కాబట్టి తప్పెవరిదో తేలిపోయినట్టే.

సిద్ధాంతిగారు కేకలేసే మనిషి కాదు. పౌర్ణమికి బెజవాడ ప్రెస్సుకి రాబోయే ఏడాది ప్రతి పంపాలి, ఒక్క తిథి అటూ ఇటూ అయినా ముప్పై ఏళ్ళ మాట పోతుంది, కాబట్టి కోడలి సామాను ఆ పెట్టెలోంచి తీసెయ్యాలని నెమ్మదిగా చెప్పారు. ఆ నెమ్మదే కష్టం. కేకలకైతే ఎదురు చెప్పొచ్చు.

సుందరి ఎదురు చెప్పలేదు, అడిగింది. ఏకాదశి దాకా గడువిమ్మంది. అప్పటికి రెండూ ఒకేసారి నడిచేలా చేస్తానని, మీ దానికి వెంట్రుకంత తేడా వచ్చినా నాది నేనే తీసేస్తానని చెప్పింది. ఏకాదశి నాడైనా మొదలైతేనే లెక్క వైవాకి అందుతుందని ఆమె లెక్క. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. తన ఫోల్డరు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదన్నారు. ముట్టుకోనని ఆమె మాటిచ్చింది.

ఆ సాయంత్రం శరత్‌చంద్ర తేలిక దారి చెప్పాడు. మునుపటిలాగా పొద్దున్నే ఆపి మొదలుపెడితే ఏ గొడవా ఉండదు కదా అని. అప్పుడు అర్థమైంది సుందరికి, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పేచీ ఎందుకు రాలేదో. కీబోర్డు వైరు మార్చడానికి కంప్యూటర్ ఆపేవారు. ఆపినప్పుడల్లా తన సామాను నిద్రపోయేది, ఆయనది లేచేది. ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. మామగారి మడి ఆయనకు తెలియకుండానే ఇద్దరినీ కాపాడుకుంటూ వచ్చింది. ఈ మాట తలుచుకుంటే ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఎవరో ఒకరు నిద్రపోతేనే ఇంకొకరు లేవగలిగే ఏర్పాటు ఈ ఇంట్లో ఆమెకి కొత్తేం కాదు. నిద్రపోయేది ఎప్పుడూ ఎవరో కూడా ఆమెకి తెలుసు.

"అలా ఆపితే నా లెక్క ఎప్పటికీ పూర్తవదండీ" అంది భర్తతో. "నాకు రెండూ ఒకేసారి నడవాలి."

మొదట ఆ ఇంగ్లీషు మాటలు చెప్పినట్టే చేసింది. మధ్యాహ్నం మామగారు పడుకున్నప్పుడు వెతికితే డీఎల్ఎల్‌లు రెండు దొరికాయి, ఉమ్మడి ఫోల్డర్లో పాతది, తన ఫోల్డర్లో కొత్తది. పాతదాన్ని తీసేసింది. కొత్తదాంతో పంచాంగం లేస్తుందేమో పిలిచి చూసింది. లేవలేదు సరికదా, నాకు కావలసినవి ఇందులో లేవు పొమ్మంది. పంచాంగం గుండెకాయ ఆ సమయానికి కంప్యూటర్ చెత్తబుట్టలో ఉంది. మూడు మండలాల ముహూర్తాలు చెత్తబుట్టలో ఉన్నాయని తెలిస్తే ఆ ముసలాయన ఏమైపోయేవారో. సుందరి దాన్ని బయటికి తీసి, ఎక్కడిది అక్కడ పెట్టి, పంచాంగం లేచిందని చూసుకున్నాక గానీ గుక్క తిప్పుకోలేదు.

బెంగుళూరు చరణ్‌కి ఫోన్ చేసింది. వాడు ఏ ఫైలు ఎక్కడ పెట్టాడో వాడికే గుర్తులేదు. పనిచేస్తున్నదాన్ని కదిలించొద్దు వదినా, నీది ఇంకెక్కడైనా పెట్టుకోరాదా అన్నాడు. ఇంకెక్కడ? బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఒకటుంది. దాని ఓనరు రాత్రి కాగానే మిషన్లు కట్టేస్తాడు, కొత్తవేవీ ఎక్కించనివ్వడు. అయినా అక్కడికే వెళ్ళి, ఈ సామాను తయారుచేసేవాళ్ళూ వాడేవాళ్ళూ ఇంటర్నెట్లో మాట్లాడుకునే చోట తన ప్రశ్న రాసింది. మర్నాడు మళ్ళీ వెళితే జవాబు వచ్చి ఉంది. ఒక కంప్యూటర్లో రెండు కాపీలు పెట్టుకోకు, ఒకటే ఉంచు అని ఒకే ఒక్క ముక్క. కనీసం ఎందుకో చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు తెలుగులో చెప్పిన మాటే లోకమంతా ఇంగ్లీషులో చెబుతోందన్నమాట అనుకుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది. దారిలో ఆమెకి పట్టుదల ఇంకా పెరిగింది. కారణం చెప్పకుండా వద్దంటే వినే వయసు ఆమెకి దాటిపోయింది.

ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఏ ప్రోగ్రామైనా తనకి కావలసిన డీఎల్ఎల్ కోసం ముందు తనున్న ఫోల్డర్లోనే చూసుకుంటుంది. అక్కడ లేకపోతేనే ఉమ్మడి ఫోల్డరుకి వెళుతుంది. చరణ్ చేసిన పొరపాటు అదే. ఎవరి గిన్నె వాళ్ళ వంటింట్లో పెట్టుకోకుండా నూతి దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. కాబట్టి పాతది పంచాంగం ఫోల్డర్లోకి మారాలి. కానీ ఆ ఫోల్డరు ముట్టుకోనని మాటిచ్చింది. దొంగచాటుగా మార్చొచ్చు, ఎవరికీ తెలియదు. పాత ఫైలు చెత్తబుట్టలోకి వెళ్ళొచ్చిన సంగతి మాత్రం ఎవరికి తెలిసింది కనక? ఆ రోజు పడిన భయం ఇంకా వదలక, ఈసారి అలా చెయ్యబుద్ధి కాలేదు. మామగారినే అడిగింది.

ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి, కదపాల్సిందే అయితే తానే మడిలో కదుపుతానని, ఆమె గది బయట నిలబడి చెప్పాలని అన్నారు. మర్నాడు తెల్లవారుజామున అదే జరిగింది. ఆమె గుమ్మం అవతల నుంచి ఒక్కో అక్షరం చెబుతోంది. ఆయన ఒంటివేలితో కొట్టి, ఆ తర్వాత ఏమిటని తలెత్తి చూస్తున్నారు. వ్రతం చేయించేటప్పుడు పురోహితుడు చెబితే యజమాని సంకల్పం పలికినట్టే ఉంది, కాకపోతే ఎన్నో వందల ఇళ్ళలో సంకల్పం చెప్పించిన మనిషి ఇప్పుడు వింటున్నారు. మధ్యలో ఒకసారి ఆయన ఒక అక్షరం వదిలేశారు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ కొట్టారు. ఫైలు ఉమ్మడి ఫోల్డర్లోంచి పంచాంగం ఫోల్డర్లోకి మారింది. పంచాంగం లేచింది. ఆయన మొహంలో మొదటిసారి ఈ వ్యవహారం మీద కొంచెం ఆసక్తి కనిపించింది.

అయినా పని కాలేదు. రెండూ ఒకేసారి నడిపిస్తే మళ్ళీ కొట్లాటే. ఎవరి గుండెకాయ వాళ్ళ దగ్గరే ఉంది, ఇంకా ఏం కావాలి వీటికి అని సుందరి ఆ రోజంతా తల పట్టుకుని కూర్చుంది. శరత్‌చంద్ర రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. దశమి దగ్గర పడుతోంది. చిక్కుడుకాయలు ఒలుస్తున్నా, దీపాలకు వత్తులు చేస్తున్నా ఆమె కళ్ళ ముందు ఆ ఇంగ్లీషు అక్షరాలే. పక్కింటావిడ ఏదో అడిగితే ఇంకేదో చెప్పింది.

గైడు ఇచ్చిన సీడీలో సామాను ఒక్కటే కాదు, దాన్ని తయారుచేసిన మూలం కూడా ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. వేల పంక్తులు. సుందరి అవి చదవడం మొదలుపెట్టింది. అందులో చాలా భాగం అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని దాటుకుంటూ, కొట్లాట మాటలు ఎక్కడ పుడుతున్నాయో దాన్ని పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్ళింది. వెళ్ళగా వెళ్ళగా దొరికింది. ఈ సామాను లేవగానే కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక గది తీసుకుని, దాని తలుపు మీద ఒక పేరు రాసుకుంటుంది. పాతదైనా కొత్తదైనా రాసుకునే పేరు ఒకటే. రెండోది వచ్చి ఆ పేరు చూసి తన గదే అనుకుని లోపలికి పోతుంది. అక్కడ తన సామాను కాకుండా ఇంకెవరిదో ఉంటుంది. ఇక గొడవ కాక ఏమవుతుంది?

ఆయనది మార్చకూడదు. కాబట్టి తనదే మార్చాలి. తన డీఎల్ఎల్‌ని మూలం నుంచి మళ్ళీ తయారుచేసి, దానికి వేరే పేరు పెట్టుకోవాలి. ఒకచోట మారిస్తే సరిపోదు, ఆ పేరు ఇంకా నాలుగైదు చోట్ల ఉంది. ఒకచోట మరిచిపోయి తయారీ మొదలుపెట్టింది, సగంలో ఆగింది. ఇంకోచోట ఒక చుక్క ఎక్కువ పడింది, మళ్ళీ ఆగింది. ఆ పాత కంప్యూటర్ మీద ఒక్కో తయారీ మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైతే దీపాల వేళ దాకా పట్టేది. కరెంటు పోయి ఒకసారి మొత్తం పోయింది. సుందరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, కరెంటు రాగానే మళ్ళీ మొదలుపెట్టింది. ఈ ఇంటికొచ్చాక తన కోసం తను ఇంత మొండిగా చేసిన పని ఇంకొకటి లేదని ఆమెకే అనిపించింది.

ఏ పేరు పెట్టాలన్నది ఆమె పెద్దగా ఆలోచించలేదు. పేరు అడిగిన చోటల్లా ఇంగ్లీషు అక్షరాల్లో చిర్రావూరి అని కొట్టింది. వెనకాల నిలబడి చూస్తున్న శరత్‌చంద్ర చదివి, అదేంటి సుందరీ, యనమండ్ర అనొచ్చుగా అన్నాడు.

"ఈ పెట్టెలో ఇంకెవరికీ లేని పేరు కావాలండీ. ఇదైతే ఈ ఇంట్లో ఇంకెవరూ పెట్టుకోరు."

అది కంప్యూటర్ సంగతే. అయినా పెళ్ళి సంతకం నాడు వదిలేసిన ఇంటిపేరు మళ్ళీ రాయడం ఆమెకి ఇదే మొదటిసారి. శరత్‌చంద్ర ఏదో హాస్యం ఆడబోయి మానుకున్నాడు. ఇది నవ్వుతో సరిపెట్టేది కాదని అతనికీ తెలిసినట్టుంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, తయారీ అయ్యేదాకా లేవలేదు.

ఏకాదశి నాటి ఉదయం సుందరి తన పెద్ద లెక్క మొదలుపెట్టాకే మామగారిని రమ్మంది. ఆమె రాత్రే రెండింటినీ కలిపి నడిపి చూడొచ్చు. చూడలేదు. ఆయన పంచాంగాన్ని ఆయన లేకుండా ఇంకోసారి కదిలించదలుచుకోలేదు, చూసేదేదో ఆయన చూస్తుండగానే చూద్దామనుకుంది. ధైర్యమే అది.

సిద్ధాంతిగారు ఉపవాసం. స్నానం చేసి వచ్చి, పట్టుగుడ్డ తీసి, మడి కీబోర్డు ముందుకి జరుపుకున్నారు. తెర మీద ఒక పక్క సుందరి వానల లెక్క కదులుతూనే ఉంది. ఆయన ఒంటివేలితో పంచాంగాన్ని పిలిచారు. పంచాంగం లేచింది. చైత్రం నుంచి తిథులు వరసగా దిగడం మొదలుపెట్టాయి. పక్కన వానల అంకెలు ఆగలేదు. ఆయన తొందరపడలేదు. ఒక్కో మాసంలో అక్కడక్కడా ఒక తిథి పట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ సరిచూసుకున్నారు. అధికమాసపు లెక్కలు అడిగారు, గ్రహణం అడిగారు. గ్రహణం దగ్గర చాలాసేపు ఆగారు. ఆఖరికి ఆయన కళ్ళు తెరిచి, ఘడియలు విఘడియలతో సహా సరిపోయిందన్నారు.

ఆయన తెర మీద పక్క కిటికీ వైపు కాసేపు చూశారు.

"నీది నడుస్తూనే ఉందామ్మా?"

"నడుస్తోందండి."

"ఇప్పుడు నీ సామానంతా తీసేస్తే నాది ఆగుతుందా?"

శరత్‌చంద్ర తలవంచుకున్నాడు. సుందరికి, ఇంత చేసి, ఆయనకి కావలసింది ఇదా అనిపించింది. కానీ ఆయన అడిగింది నిజమైన ప్రశ్న, దానికి నిజమైన జవాబు ఉంది.

"ఆగదండి. మీది మీ ఫోల్డర్లోనే ఉంది. నాదాంతో దానికి పనిలేదు."

ఆయన తల ఊపారు. మాట అక్కడితో ఆపొచ్చు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె మాట అక్కడే ఆగేది. ఈసారి ఆగలేదు.

"మీది తీసేసినా నాది ఆగదండి, మామయ్యగారూ."

మెల్లగానే అంది. కోపంతో అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. శరత్‌చంద్ర తండ్రి మొహం వైపు భయంగా చూశాడు. సిద్ధాంతిగారి వేలు మీట మీదే ఉండిపోయింది. ఆయనకి ఆ మాట తగిలిందని స్పష్టంగా తెలుస్తోంది. చెంపలు కొంచెం ఎర్రబడ్డాయి. కానీ జీవితమంతా లెక్కలు కట్టిన మనిషి, తేలిన లెక్కని తప్పని ఎలా అంటారు? ఆ లెక్క తేలడానికి తానూ ఒంటివేలితో కూలీ చేశారాయె.

"అయితే ఇక నన్ను గడువులు అడగాల్సిన పని లేదు నీకు" అన్నారు, ఆమె వైపు తిరక్కుండానే. అని, చైత్రం మొదటి నుంచి మళ్ళీ చూసుకోవడం మొదలుపెట్టారు.

సుందరికి కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు. అడిగి, వేచి, దక్కించుకున్న వాటికి ఎలా సంతోషించాలో ఆమెకి బాగా తెలుసు. అడగక్కర్లేదని ఈ ఇంట్లో ఎవరైనా అనడం ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి, దాచుకోకుండా ఏడ్చింది. శరత్‌చంద్ర ఆమెకి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.